దిగకుండా పోవడానికి కొన్న బూట్లు

మా ఊళ్లో కోడలు సైకిల్ తొక్కితే ఎవరూ వద్దనలేదు. కాకపోతే మూడు చోట్ల దిగాలి. రచ్చకట్ట ముందు దిగాలి, అక్కడ పెద్దమనుషులు కూర్చుంటారు కాబట్టి. మా పెద్దమామ ఇంటి ముందు దిగాలి, ఆయన అరుగు మీద ఉన్నా లేకున్నా. మా చర్చి ముందు దిగాలి, దేవుడు ఎప్పుడూ ఉంటాడు కాబట్టి. దిగి, హ్యాండిల్ పట్టుకుని నడిపించుకుంటూ, తల కొంచెం వంచుకుని పోయి, ఆ చోటు దాటాక మళ్లీ ఎక్కాలి. సీటు మీద కూర్చునే పెద్దల ముందు నుంచి పోవడమంటే వాళ్ల ముందర మంచం మీద కాళ్లు చాపుకుని పడుకోవడంతో సమానం.

చేవెళ్లలో, మా అమ్మగారింట్లో, నాకు ఈ సంగతే తెలియదు. అక్కడ నేను బిడ్డను. హైస్కూలుకు పోతూ రచ్చకట్ట ముందు రెండు చేతులూ వదిలేసి తొక్కిన రోజులున్నాయి. ముసలివాళ్లు నవ్వేవాళ్లు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. పెళ్లయి మొయినాబాద్ దిక్కు, ఎంకపల్లికి అవతల ఉన్న ఈ ఊరికి వచ్చాక కోడలినయ్యాను. రెండు ఊళ్లకూ మధ్య దూరం పెద్దదేం కాదు. అవే టమాటా తోటలు, అవే పూల షెడ్లు, అదే మాట. మారింది నేను కూర్చున్న సీటు విలువే.

అప్పట్లో గచ్చిబౌలి వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి, మా రోడ్డు వెంట వెంచర్ల జెండాలు లేస్తున్నాయి. మా కంపెనీ బస్సు పొద్దున ఏడున్నరకు మొయినాబాద్ చౌరస్తాకు వచ్చేది. అక్కడి నుంచి మా ఊరు ఏడు కిలోమీటర్లు. మొదట్లో మా ఆయన బండి మీద దింపేవాడు. ఆయనకు శంకర్‌పల్లి దగ్గర పని దొరికాక ఇద్దరి దారులూ వేరయ్యాయి. ఊళ్లోకి వచ్చే బస్సు తొమ్మిదింటికి. స్కూటీ అడిగాను. మా ఆడబిడ్డ స్కూటీ మీద నుంచి పడి ముందరి పళ్లు రెండు ఊడగొట్టుకుంది కాబట్టి ఆ మాట ఇంట్లో ఎత్తకూడదు. నెలరోజులు అలిగి, అన్నం దగ్గర మూతి ముడుచుకుని, చివరికి సైకిల్ దగ్గర ఒప్పందానికి వచ్చాం. అత్తమ్మ రెండు షరతులు పెట్టింది.

"దిగాల్సిన కాడ దిగాలె. కింద పడొద్దు. రెండిట్ల ఏదొక్కటి నా చెవుల పడ్డా సైకిల్ ఉండదు బిడ్డా."

సైకిల్ లేకపోతే కంపెనీ బస్సు అందదు, బస్సు అందకపోతే ఉద్యోగం ఉండదు. నాకు తెలిసిన సంగతే, ఆమెకూ తెలిసిన సంగతే. సరేనన్నాను.

ఆఫీసులో నా కింద పన్నెండు మంది సాఫ్ట్‌వేర్ టెస్టర్లు. సెలవు కావాలంటే నన్ను అడగాలి. పైవాళ్లతో వాదించాలంటే నన్ను ముందు నిలబెట్టేవాళ్లు. అదే నేను, పొద్దున ఏడు కాకముందే మూడుసార్లు సైకిల్ దిగి, తల వంచి, మూడుసార్లు ఎక్కి బస్సు దగ్గరికి చేరేదాన్ని. సాయంత్రం మళ్లీ మూడు. దిగినప్పుడల్లా ఎవరో ఒకరు "ఏం బిడ్డా, కొలువుకేనా?" అని అడిగేవారు. రోజూ అదే లంచ్ బాక్స్, అదే హెల్మెట్, అదే దారి, ఇంకెక్కడికి పోతాను? "అవును పెద్దయ్యా" అనేదాన్ని. లోపల మాత్రం పళ్లు నూరుకునేదాన్ని. గొంతు మీద ఎవరో మెత్తగా చెయ్యి పెట్టినట్టు ఉండేది. నొక్కేవాళ్లు కాదు. తీసేవాళ్లూ కాదు.

వానాకాలంలో తడిసిన చెప్పు పెడల్ మీద నుంచి జారి, పెడల్ తిరిగొచ్చి ముంగాలుకు కొట్టింది. పెడల్ పళ్ల గాట్లు మూడు, చీర ఎత్తితే కనిపించేటట్టు. ఆఫీసులో ఆదివారాలు సైకిల్ తొక్కే ఒక అన్న ఉండేవాడు. నా కాలు చూసి, "క్లిప్‌లెస్ పెడల్ పెట్టించుకోండి, కాలు జారదు" అన్నాడు. బూటు అడుగున ఒక బిళ్ల ఉంటుందట, అది పోయి పెడల్‌లో టక్కున పడుతుందట, మడమ బయటికి తిప్పితే తప్ప ఊడదట. పేరులో క్లిప్ లేదని ఉంటుంది, చేసే పని మొత్తం క్లిప్పుదే. ఆయన ఇంకా ఏవో చెప్పాడు, కాలి బలం వృథా పోదని, ఎత్తులు ఎక్కడం తేలికని. నా చెవిలో మాత్రం ఒక్క మాటే నిలిచింది. కాలు ఊడదు.

అంటే దిగలేను. దిగలేను అంటే, దిగనక్కర లేదు.

ఆ ఆలోచన వచ్చాక నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధమే. హాయిగా నిద్రపోయాను. శనివారం సిటీకి పోయి సైకిల్ దుకాణంలో కూర్చున్నాను.

దుకాణం ఆయన ఓపిక ఉన్న మనిషి. రెండు రకాలు ముందర పెట్టాడు. ఒకటి బూటు అడుగున చిన్న ఇనుప బిళ్ల, రెండు స్క్రూలతో, అట్టలోకి దిగబడి ఉంటుంది. దానితో నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, కూరగాయలకు పోవచ్చు. రెండోది పెద్ద ప్లాస్టిక్ బిళ్ల, మూడు స్క్రూలు, బయటికి పొడుచుకుని ఉంటుంది. బూటు అట్ట చెక్కలాగా గట్టిది. తేలిక, అందం, కానీ దానితో నాలుగడుగులు వేస్తే బాతు నడకే. రోజూ తొక్కేవాళ్లకు మొదటిదే మంచిదని ఆయన చెప్పాడు. రెండోది రేసులకు పోయేవాళ్ల కోసం.

"మేడం, మీకు మధ్యలో దిగి నడిచే పని ఉంటుందా?" అని అడిగాడు.

"ఉండదు" అన్నాను.

ఇంత ధైర్యంగా నేను అబద్ధం చెప్పిన సందర్భాలు తక్కువ. చెప్పగానే ఒళ్లు తేలికైంది. తెల్లటి బూట్లు, పక్కన ఎర్ర గీత. ఆయన మళ్లీ ఒకసారి ఆ ఇనుప బిళ్ల బూట్లు ముందుకు జరిపాడు. నేను చూడలేదు. ఇంటికొచ్చి గేదెల కొట్టం గోడ పట్టుకుని నేర్చుకున్నాను. కాలు పెట్టి నొక్కితే టక్. మడమ తిప్పితే టక్. పెడల్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని బిగిస్తే పట్టు పెరుగుతుంది. దుకాణం ఆయన వదులుగా పెట్టి ఇచ్చాడు. నేను చివరిదాకా బిగించాను. ఊడదు అని చెప్పబోయేది నిజంగానే ఊడకూడదు కదా అని. అబద్ధంలో కూడా నిజాయితీ ఉండాలనుకునే పిచ్చి నాది.

అత్తమ్మతో సూటిగానే చెప్పాను. ఈ బూట్లతో కాలు జారదు, గాట్లు పడవు. కానీ ఊరికే మాటమాటకూ దిగితే కింద పడే ప్రమాదం ఉంది. పడొద్దని నువ్వే అన్నావు కదా. ఆమె పెట్టిన రెండు షరతులనూ ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పాను. వాదించడం నాకు ఆఫీసు నేర్పిన విద్య.

ఆమె బూట్లను తిప్పి చూసింది. బిళ్లను గోరుతో గీకింది. "గివి కాళ్లకా, గుర్రానికా?" అంది. తర్వాత వాటిని గోడ వారన పెట్టి, "జర కొన్ని దినాలు చూస్త. ఊర్లె ఏమంటరో" అంది.

ఆమె ప్రతి పొద్దునా నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపేది. హెల్మెట్ తియ్యడానికి టైం ఉండదు కాబట్టి హెల్మెట్ మీదే పెట్టేది. కొత్త బూట్లు తొడిగిన పొద్దున ఆ ప్రార్థనలో ఇంకో మాట చేరింది. "ప్రభువా, దాని కాళ్లను నువ్వే విడిపించు" అని. నేను కళ్లు మూసుకునే నవ్వాను.

మొదటి రోజు రచ్చకట్ట దగ్గరికి వచ్చాను. నలుగురు కూర్చుని ఉన్నారు. వేగం తగ్గించకుండానే, "కాలు ఇరుక్కుంటది పెద్దయ్యా, దిగరాదు!" అని అరిచి దాటిపోయాను. వెనక ఏదో అన్నారు, వినిపించలేదు. పెద్దమామ ఇల్లు దాటాను. చర్చి దాటాను, దేవుడికి కూడా అదే మాట చెప్పుకున్నాను. కల్వర్టు దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లు రెండూ పెడళ్లతో కలిసి పైకీ కిందికీ తిరుగుతుంటే, చేవెళ్లలో చేతులు వదిలేసిన పిల్ల మళ్లీ నాలోకి వచ్చింది. బస్సెక్కి కూర్చున్నాక కూడా నవ్వు ఆగలేదు.

పదకొండు రోజులు అట్లా గడిచాయి. నా జీవితంలో అంత సంతోషంగా ఆఫీసుకు పోయిన పదకొండు రోజులు వేరే లేవు.

రచ్చకట్ట మీద ఒక ముసలాయన ఉండేవాడు, అందరిలోకీ పెద్ద. పాత రోజుల్లో పటేల్ దగ్గర లెక్కలు రాసినవాడట, ఊరి మర్యాద అంతా తన బాధ్యతే అనుకునేవాడు. నేను దాటినప్పుడల్లా చేతికర్ర రెండుసార్లు నేల మీద కొట్టేవాడు. మూడో రోజుకే నాకు పేరు పెట్టాడు, కాళ్లకు తాళమేసుకున్న పిల్ల అని. పదో రోజు అత్తమ్మ కూరగాయలకు పోతుంటే ఆపి, "మీ కోడలికి తాళంచెవి ఇయ్యలేదా ఎవ్వలు?" అని అడిగాడట. అందరూ నవ్వారట. అత్తమ్మ ఇంటికొచ్చి నాతో ఏమీ అనలేదు, మా ఆయనకు చెప్పింది. మా ఆయన నాకు చెప్పాడు. "ఆదివారం దాకనే ఈ బూట్లు" అన్నాడు, మొహం పక్కకు పెట్టుకుని.

ఆదివారం రాకముందే ముసలాయన చనిపోయాడు. నిద్రలోనే పోయాడట, ఏ బాధా పడకుండా.

నాకు తెలియదు. మీటింగులో ఉండి ఇంటి నుంచి వచ్చిన ఫోన్లు ఎత్తలేదు. సాయంత్రం మొయినాబాద్‌లో బస్సు దిగి, టైలర్ దుకాణం వెనక పెట్టిన సైకిల్ తీసుకుని, ఎప్పటిలాగే బయలుదేరాను. ఊరి ముందరి మలుపు తిరిగేసరికి ఎదురుగా డప్పులు. రోడ్డు నిండా జనం. ముందు కొడుకు నిప్పుకుండతో, వెనక పాడె, పేలాలు చల్లుతున్న మనుషులు. శవం ఎదురొస్తే కార్లలో పోయేవాళ్లు కూడా ఆపి దిగుతారు మా దగ్గర. అది కోడళ్ల నియమం కాదు, మనుషులందరి నియమం.

దిగాలి. ఈసారి నాకూ దిగాలనే ఉంది.

బ్రేక్ వేశాను. ఎడమ మడమ తిప్పాను. బిగించిన స్క్రూ కదా, మొదట రాలేదు, రెండోసారి ఊడింది. ఎడమ కాలు బయటికి వచ్చింది, సైకిల్ మాత్రం కుడివైపు ఒరిగింది. కుడికాలు లోపలే ఉంది. అప్పటికి సైకిల్ కదలడం లేదు. ఆగి ఉన్న సైకిల్ మీద నుంచి, అందరూ చూస్తుండగా, నిదానంగా, నరికిన అరటిచెట్టులాగా పడ్డాను.

డప్పులు ఆగాయి. పాడె ఆగింది. దాన్ని అక్కడ కింద పెట్టకూడదు, దింపుడు కల్లం ఇంకా రాలేదు. మోసేవాళ్లు బరువు భుజాల మీదే ఉంచుకుని నన్ను చూస్తూ నిలబడ్డారు. ముసలాయన కూడా పైనుంచి చూస్తున్నట్టే అనిపించింది. ఇద్దరు వచ్చి సైకిల్ ఎత్తబోయారు, సైకిల్‌తో పాటు నా కాలు కూడా లేచింది. ఒకతను కాలు పట్టుకుని గుంజాడు. మోకాలు విరిగిపోతుందనిపించింది. "తిప్పాలె, తిప్పాలె" అని నేను అరుస్తున్నాను, ఎటు తిప్పాలో నాకే తెలియడం లేదు. పడుకుని ఉంటే బయటి వైపు ఏదో లోపలి వైపు ఏదో ఒక్కసారిగా మాయమైపోతుంది. ఏడుపు, సిగ్గు, కోపం మూడూ కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపమో తెలియదు. ఆ క్షణం చచ్చిపోయినా బాగుండునని అనుకున్నాను, పాడె ఎట్లాగూ సిద్ధంగా ఉంది.

ఆడవాళ్ల గుంపులోంచి అత్తమ్మ వచ్చింది. పరుగు కూడా కాదు, నడిచే వచ్చింది. నా కాలి దగ్గర రోడ్డు మీద కూర్చుంది. బూటు పట్టీలు టర్రుమని పీకింది. మడమ కింద చెయ్యి పెట్టి, బూటును పెడల్‌కే వదిలేసి, నా కాలును బయటికి తీసింది.

అంతే. బూటులోంచి కాలు తీస్తే సరిపోయేది. అంత చదువుకుని, పన్నెండు మందికి తప్పులు వెతకడం నేర్పే నాకు అది తట్టలేదు.

"అయ్యో, కోడలి కాళ్లు పట్టుకున్నవేందే!" అని వెనక నుంచి ఎవరో ముసలమ్మ అంది. మా దగ్గర పెద్దవాళ్లు చిన్నవాళ్ల కాలు ముట్టరు. పొరపాటున తగిలినా చిన్నవాళ్లు లేచి దండం పెట్టాలి.

"కాలు కాదు, బూటు పట్టుకున్న" అంది అత్తమ్మ. నన్ను లేపి, రోడ్డు పక్కన మేజోళ్లతో నిలబెట్టి, పాడె దాటేదాకా నా జబ్బ పట్టుకుని నా పక్కనే నిలబడింది.

ఊరు వారం రోజులు నవ్వింది. "సచ్చి గూడ దించిండు ముసలోడు" అని. మాట బాగుంది, నేనూ నవ్వాను. నవ్వి స్నానాలగదిలోకి పోయి ఏడ్చాను.

ఆ రాత్రే మా ఆయన తేల్చేశాడు. "ఇగ సాలు. సైకిల్ తీసేద్దాం. కొలువు సంగతి తర్వాత సూద్దాం." చెడ్డవాడు కాదు. ఇంటికొచ్చే దారిలో నలుగురు ఆపి నాలుగు రకాలుగా ఆ కథ చెప్పారు ఆయనకు. తర్వాత చూద్దామన్న కొలువు మళ్లీ రాదని నాకు తెలుసు. బతిమాలాను. బూట్లు మార్చుకుంటాను, నడవగలిగేవి తెచ్చుకుంటాను, మూడు చోట్ల కాదు, ముప్పై చోట్లయినా దిగుతాను, ఒక్కసారి చూడు అని. నా గొంతులో ఆ బతిమాలాట వింటుంటే నాకే అసహ్యం వేసింది. అత్తమ్మ నా మోచేతికి దూదితో మందు అద్దుతూ ఉంది. దూది పక్కన పెట్టి కొడుకు వైపు చూసింది. ఆయన ఆమె మొహం చూసి, "సోమవారం సూస్త" అన్నాడు.

శనివారం బస్సులో దుకాణానికి పోయాను. "దిగే పని ఉండదన్నారు కదా మేడం" అన్నాడు ఆయన. "ఉంటుంది" అన్నాను. ఆ చిన్న ఇనుప బిళ్ల బూట్లు తీసుకున్నాను. నల్లవి, మామూలు బూట్లలాగానే ఉంటాయి. పెడళ్లు కూడా మార్పించాను. స్క్రూ పూర్తిగా వదులు చేయించాను. ఇంటికొచ్చి కొట్టం గోడ దగ్గర ఈసారి రెండు కాళ్లూ తీయడం నేర్చుకున్నాను, లెక్కపెట్టలేనన్నిసార్లు. మడమ ఇట్లా అంటే చాలు ఊడేది. దిగడానికి ఇంతకంటే మంచి బూట్లు దొరకవు.

సోమవారం పొద్దున అత్తమ్మ హెల్మెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "జర ఆగి రా" అని, నాకంటే ముందే బయటికి పోయింది. చర్చి ఊడవడానికి పోతోందేమో అనుకున్నాను. బాటిల్‌లో నీళ్లు నింపుకుని బయలుదేరాను.

రచ్చకట్ట మీద ముగ్గురున్నారు. దాని ముందు రోడ్డు వారన అత్తమ్మ నిలబడి ఉంది. కొంగు తల మీదికి లాక్కుంది. చెప్పులు విడిచి పక్కన పెట్టింది. నేను అక్కడ దిగి ఎట్లా నడిచేదాన్నో అట్లాగే తల వంచుకుని ఉంది.

నేను వేగం తగ్గించాను. రెండు మడమలూ తిప్పాను. రెండు కాళ్లూ సులువుగా ఊడి వచ్చాయి. ఒక కాలు నేల మీద పెట్టబోతుండగా ఆమె చెయ్యి ఎత్తింది.

"దిగకు. పో."

"ఏందమ్మా గిది?" అన్నాడు కట్ట మీది ఒకాయన.

"ఇంటికొకరు దిగాలె గద పెద్దయ్యా" అంది ఆమె, తల ఎత్తకుండానే. "నేను దిగిన. దానికి బస్సు పోతది."

ఆమె ఈ జన్మలో సైకిల్ ఎక్కిన మనిషి కాదు. దిగడానికి ఆమె దేని మీదా లేదు. నా బదులు దిగింది. దిగి ఆమె పక్కన నిలబడాలని నాకు ఎంతగా అనిపించిందో చెప్పలేను. దిగడం అంత సులువుగా ఎప్పుడూ లేదు. కానీ దిగితే ఆమె అక్కడ నిలబడ్డది వృథా అయిపోతుంది. కాళ్లు మళ్లీ పెడళ్ల మీద పెట్టాను. టక్, టక్ మని రెండూ పడ్డాయి. సీటు మీద కూర్చునే వాళ్ల ముందు నుంచి, ఆమె ముందు నుంచి పోయాను.

కొంత దూరం పోయి వెనక్కి చూశాను. ఆమె ఇంకా చెప్పులు లేకుండా అట్లాగే నిలబడి ఉంది. నేను కనబడినంతసేపూ ఆమె వేసుకోదని అర్థమైంది. మలుపు తొందరగా దాటాలని గట్టిగా తొక్కాను.